తీగ వెంట నడచిన నిప్పు

మందునకు నిప్పంటించుట సులభము. అంటించిన చేయి క్షేమముగా వెనుకకు వచ్చుటయే కష్టము. తుపాకిమందు పుట్టిన నాటినుండి కొన్ని వందల సంవత్సరములపాటు మానవుని వేధించిన సమస్య ఇదియే. సూరేకారము, గంధకము, బొగ్గు కలిపి నూరిన ఆ నల్లని పొడికి కొండను చీల్చు బలము కలదు. కాని తనకు నిప్పు తెచ్చిన మనుష్యుడు దూరముగా తొలగెనో లేదో అరయు వివేకము దానికి లేదు. దీపావళినాడు తారాజువ్వ వెలిగించి వెనుకకు పరుగెత్తు బాలుడు చేయునదియు, గనిలో వత్తి అంటించి పరుగెత్తిన కూలివాడు చేసినదియు ఒక్కటే: తనకును నిప్పునకును నడుమ కొంత దూరము, కొంత కాలము సంపాదించుకొనుట.

ఆ దూరమును, ఆ కాలమును మానవునకు సమకూర్చి పెట్టినది విద్యుచ్ఛక్తి. శ్రీహరికోటనుండి ఆకాశమునకు ఎగయు రాకెట్టు గర్భములో నిప్పు పుట్టించునదియు, గనిలో రాతిపొరను పగులగొట్టునదియు, మోటారుకారు ఢీకొన్నపుడు లోని మనుష్యుని యెదుట గాలిసంచిని విప్పునదియు ఒకే సూత్రము. వెండ్రుకవలె సన్ననైన ఒక తీగ, దానిలో ప్రవహించు విద్యుత్తు, దాని చుట్టు చిటికెడు మందు. ఇంత స్వల్పమైన ఏర్పాటు ఎట్లు ఏర్పడెనో, దానివలన కలిగిన లాభమేమో, దానితోబాటు వచ్చిన అపాయమేమో తెలిసికొనదగిన విషయము.

వత్తి కాలమునాటి కష్టములు

ఇంగ్లండులోని కార్న్‌వాల్ గనులలో పూర్వము బాతుఈకల గొట్టములలోను, గడ్డిపోచలలోను మందు కూరి వత్తిగా వాడెడివారు. అట్టి వత్తి ఒకప్పుడు తాపీగా కాలును. ఒకప్పుడు క్షణములో లోపలికి పరుగెత్తును. ఆరిపోయినదని తలచి చూడబోయిన పనివాని ముఖముమీదనే మందు ప్రేలెడిది. 1831లో విలియం బిక్‌ఫర్డ్ అనునతడు తాళ్లు పేనువాని పద్ధతిని గమనించి, నడుమ మందుపొడి పోసి చుట్టును జనపనార పేని, తారు పూసిన వత్తిని కనిపెట్టెను. అది నియమిత వేగముతో కాలును. జానెడు వత్తికి ఇంత కాలమని లెక్క కట్టుకొని పనివారు తప్పించుకొనగలిగిరి. ఎందరి ప్రాణములనో అది కాపాడెను.

ఐనను వత్తికి మూడు లోపములు మిగిలినవి. మొదటిది, అంటించిన పిమ్మట దానిని మరలింపలేము; ఎవరైన పొరబాటున అటు పోయినచో కేకలు వేయుట తప్ప వేరు మార్గము లేదు. రెండవది, పది రంధ్రములలోని మందును ఒకే క్షణమున ప్రేల్చుట వత్తికి సాధ్యము కాదు. మూడవది, ఎంత పొడవైన వత్తియైనను మనుష్యుడు దానిచెంతకు పోయి తీరవలెను. ఈ మూడింటికిని సమాధానము తీగ తెచ్చినది.

నిప్పురవ్వ నుండి ఎఱ్ఱని తీగ వరకు

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున నివసించిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ విద్యుత్ స్ఫులింగముతో తుపాకిమందును మండించు విధానమును 1751లో ఒక లేఖయందు వర్ణించెను. కాని ఘర్షణయంత్రముతో పుట్టించిన స్ఫులింగము తేమ తగిలిన మాత్రమున విఫలమగును. 1800లో ఇటలీ దేశస్థుడైన వోల్టా విద్యుత్ ఘటమాలను నిర్మించి, ఎడతెగని ప్రవాహమును చేతికి అందించిన పిమ్మటనే ఈ విద్య ప్రయోగశాల గడప దాటినది.

1812లో రష్యా రాజధానియగు సెంట్ పీటర్స్‌బర్గులో పావెల్ షిల్లింగ్ నీవా నదిలో నీటి అడుగున ఉంచిన మందుపాతరను ఒడ్డునుండి తీగ ద్వారా ప్రేల్చి చూపెను. ఇతడే తరువాత విద్యుదయస్కాంత టెలిగ్రాఫును నిర్మించినవారిలో ప్రథముడు. నిప్పును మోసిన తీగయు, వార్తను మోసిన తీగయు ఒకే మేధస్సునుండి వెలువడుట గమనింపదగినది. దూరమునుండి ఆజ్ఞ పంపుటయే ఈ రెండింటి పరమార్థము.

ఫిలడెల్ఫియాలో రసాయనశాస్త్ర ఆచార్యుడైన రాబర్ట్ హేర్ 1830 ప్రాంతమున మరియొక మెట్టు ఎక్కెను. స్ఫులింగమును నమ్ముకొనక, సన్నని తీగలో ప్రవాహము పంపి అది ఎఱ్ఱగా కాగునట్లు చేసి, ఆ వేడిమితో మందును అంటించెను. తడిసినను చెడని, అనేక రంధ్రములను ఒక్కమారుగా ప్రేల్చగల పద్ధతి ఇట్లు లభించినది. 1782లో స్పిట్‌హెడ్ వద్ద మునిగి నౌకామార్గమునకు అడ్డుపడిన రాయల్ జార్జి అను యుద్ధనౌక శిథిలములను, 1839 మొదలుకొని కర్నల్ పాస్లీ సముద్రగర్భములో మందుపీపాలు దింపి విద్యుత్తుతో ప్రేల్చి తొలగించెను. 

1843 జనవరి 26వ తేదీన డోవరు సముద్రతీరమున రైలుమార్గమునకు అడ్డుగా నిలచిన సుద్దకొండను విలియం క్యూబిట్ అను ఇంజనీరు 18,500 పౌన్ల తుపాకిమందుతో కూల్చెను. మూడు గదులలో నింపిన మందు విద్యుత్ప్రవాహముతో ఒకే క్షణమున అంటుకొనెను. ఆకాశము బ్రద్దలగునని ఎదురుచూచిన జనులకు పెద్ద శబ్దము వినబడలేదట. కొండ తనంత తాను ఒరిగి, సముద్రములోనికి జారినది. మందు బలమంతయు కొండను కదల్చుటకే వ్యయమైనది కాబోలు.

ఈ విద్యకు పరాకాష్ఠ 1885 అక్టోబరు 10వ తేదీన న్యూయార్కులో కానవచ్చినది. ఈస్టు నదిలో ఓడలను ముంచుచుండిన ఫ్లడ్ రాక్ అను రాతిదిబ్బను లోపలినుండి సొరంగములతో తొలిచి, సుమారు మూడు లక్షల పౌన్ల ప్రేలుడు పదార్థమును కూరిరి. ఆ పనికి అధిపతియైన జనరల్ జాన్ న్యూటన్ తన చిన్నారి కుమార్తె మేరీచే మీట నొక్కించెను. తొమ్మిది ఎకరముల రాయి క్షణములో పైకి లేచి ముక్కలై పడినది. బాలిక వ్రేలికిని ఆ మహాశక్తికిని నడుమ నిలచినది ఒక్క తీగ మాత్రమే.

తీగలో జరుగునదేమి?

తీగలో విద్యుత్తు ప్రవహించినపుడు వేడి పుట్టునని ఉన్నత పాఠశాల విద్యార్థి ఎరుగును. ఆ వేడి ప్రవాహపు వర్గమునకును, తీగ నిరోధమునకును అనులోమానుపాతముగా నుండునని ఆంగ్ల శాస్త్రజ్ఞుడు జౌల్ 1841లో నిరూపించెను. ఇస్త్రీపెట్టె కాగుటయు, విద్యుద్దీపము వెలుగుటయు ఈ నియమము వలననే. జ్వాలకములో చేసినదెల్ల తీగను మిక్కిలి పొట్టిగా, మిక్కిలి సన్నగా ఉంచుట. స్వల్ప ప్రవాహమునకే అది సెకనులో వెయ్యవ వంతు కాలమున ఎఱ్ఱబారును. దానిని అంటియున్న చిటికెడు మందు భగ్గుమనును. ఆ జ్వాల తనకంటె పెద్ద గుళికను, ఆ గుళిక తనకంటె పెద్ద ముద్దను అంటించును. అగ్గిపుల్లతో చితుకులను, చితుకులతో దుంగను అంటించు గృహిణి పద్ధతికిని దీనికిని భేదము లేదు.

ఇచ్చట ఒక వ్యత్యాసము గ్రహింపవలెను. ప్రేలుట వేరు, కాలుట వేరు. డైనమైటు వంటి పదార్థములో రసాయనచర్య సెకనుకు కొన్ని కిలోమీటర్ల వేగముతో పరుగెత్తును, ఫలితము విధ్వంసము. రాకెట్టును నడుపు చోదకద్రవ్యములో మంట పై పొరను తిని, తరువాతి పొరను చేరుచు, సెకనుకు కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే సాగును. ఫలితము వాయువుల ఒత్తిడి, దానివలన గమనము. రెండింటిలోను ఇంధనము, దానిని మండించు ఆమ్లజని పదార్థములోనే కలిసియుండును. అందుచేతనే గాలిలేని అంతరిక్షమునందును, నీటి అడుగునను అవి మండగలవు. రెండింటికిని తొలి ఆజ్ఞ ఇచ్చునది ఆ తీగయే.

ఆకాశమునకు పంపిన ఆజ్ఞ

1926 మార్చి 16వ తేదీన అమెరికాలోని ఆబర్న్ గ్రామమున రాబర్ట్ గొడ్డార్డు ప్రపంచమున మొట్టమొదటి ద్రవ ఇంధన రాకెట్టును ఎగురవేసెను. దానికి నిప్పంటించినది అతని సహాయకుడు, పొడుగాటి కఱ్ఱకు కట్టిన మంటదీపముతో! ముప్పది యేండ్లు తిరుగకమునుపే ఆ కఱ్ఱస్థానమును తీగ ఆక్రమించెను. 1957లో మొదటి స్పుత్నిక్‌ను మోసిన రష్యా రాకెట్టు వంశమునందు ఇప్పటికిని ఒక చిత్రమైన ఏర్పాటు కలదు. రాకెట్టు అడుగునగల 32 దహనగదులలోనికి కొయ్యతో చేసిన కాడలను దూర్చుదురు. ప్రతి కాడ కొనకును విద్యుత్తుతో అంటుకొను మందు ఉండును. అవి పెద్ద అగ్గిపుల్లలని చెప్పిన తప్పులేదు. మందు అంటుకొన్నదో లేదో తెలియుటకు దాని యెదుట మరియొక సన్నని తీగ కట్టబడియుండును. మంటకు ఆ తీగ తెగినపుడే నిప్పు పుట్టినదని యంత్రము గ్రహించును. అన్నియు అంటుకొన్నగాని ఇంధనము విడువబడదు.

ఘన చోదకముతో నడచు రాకెట్టునందు విద్యుదాజ్ఞకు గల విలువ ఇంకను ఎక్కువ. ఏలయన ద్రవ ఇంజనును కవాటము మూసి ఆపవచ్చును. ఘన చోదకము ఒకసారి అంటుకొన్న పిమ్మట కాలి ముగియవలసినదే. 1984 జూన్ 26వ తేదీన అమెరికా వారి డిస్కవరీ అను అంతరిక్షనౌక ఆరుగురు యాత్రికులతో సిద్ధముగా నుండెను. ఎగురుటకు నాలుగు సెకనుల ముందు ద్రవ ఇంజనులలో లోపము కనబడగా గణకయంత్రము వానిని ఆపివేసెను. ఇరుప్రక్కల నిలచిన ఘన రాకెట్లకు ఆజ్ఞ ఇంకను పోలేదు. ఆ పోకుండుటయే ఆరుగురి ప్రాణములు. రెండు నెలల పిమ్మట అదే నౌక, అదే బృందముతో సుఖముగా ఎగిరినది.

శ్రీహరికోట తెలుగుగడ్డపై నున్నది. 1971 అక్టోబరు 9వ తేదీన అచ్చటినుండి తొలి పరిశోధక రాకెట్టు ఎగిరినది. అచ్చటనే ఘన చోదకమును పోతపోయు కర్మాగారమును వెలసినది. పి.ఎస్.ఎల్.వి. మొదటి అంచెలో సుమారు 138 టన్నుల చోదకము పట్టును. అమోనియం పెర్‌క్లోరేటు, అల్యూమినియం పొడి, వానిని పట్టియుంచు రబ్బరువంటి బంక దాని ముఖ్యభాగములు. ఆ రాకెట్టు పెద్ద రకమునకు ప్రక్కల ఆరు చిన్న రాకెట్లు అమర్చుదురు. వానిలో నాలుగు నేలపైననే వెలుగును. తక్కిన రెండు ఎగిరిన 25 సెకనులకు ఆకాశమధ్యమున వెలుగును. అచ్చటికి కఱ్ఱ పట్టుకొని పోవువారెవరు? 2023 జూలై 14వ తేదీన చంద్రయాన్-3ను మోసికొనిపోయిన రాకెట్టునకు ఇరువైపుల రెండువందల టన్నులకు పైబడిన చోదకముగల రెండు భారీ అంగములు కలవు. అవి రెండును ఏకకాలమున అంటుకొనవలెను. ఒకటి వెనుకబడినచో రాకెట్టు ఒరిగిపోవును. డోవరు కొండవద్ద మూడు గదులను ఒక్కమారుగా వెలిగించిన నేర్పే శ్రీహరికోటలో మరింత నిశితమై పనిచేయుచున్నది.

నిత్యజీవితమున

ఈ విద్య రాకెట్లకే పరిమితము కాదు. మోటారుకారు ముందుభాగము దెబ్బతిన్న క్షణమున ఒక పరికరము ఆ కుదుపును గుర్తించి జ్వాలకమునకు విద్యుత్తు పంపును. చిన్న గుళిక మండి వాయువు పుట్టించును. సెకనులో సుమారు 30 వేయవవంతుల కాలమున, అనగా కనురెప్ప వాల్చుటకంటె ముందుగా, సంచి ఉబ్బి మనుష్యుని తలకును ఇనుముకును అడ్డుపడును. తొలినాళ్ల గాలిసంచులలో సోడియం అజైడు అను పదార్థమునుండి నత్రజని పుట్టించెడివారు. ప్రాణము తీయు మందే ప్రాణము నిలుపుటకు ఉపయోగపడుట ఇచ్చట విశేషము.

చమురుబావులలో కొన్ని వేల అడుగుల లోతున ఉక్కు గొట్టమునకు రంధ్రములు పొడుచుటకు తీగచివర వ్రేలాడదీసిన మందుగుళికలను పైనుండి విద్యుత్తుతో ప్రేల్చుదురు. ఆ రంధ్రములగుండా చమురు, సహజవాయువు లోనికి చేరును. 2012 ఆగస్టులో అంగారకునిపై దిగిన క్యూరియాసిటీ శకటము, గొడుగు విడిచి, కవచము వదలి, త్రాళ్లు తెంచుకొని నేల చేరునంతలో 76 మందుపరికరములు నియమితకాలమున పనిచేసినవి. భూమినుండి పంపిన వార్త అచ్చటికి చేరుటకే పలు నిమిషములు పట్టును. కావున ఆజ్ఞలన్నియు దాని యంత్రబుద్ధిలోనే ముందుగా వ్రాసి పంపబడినవి.

బొగ్గుగనులలో మండు వాయువు పొంచియుండును గావున బహిరంగమైన మంట అచ్చట నిషిద్ధము. మందును తీగ ద్వారా దూరమునుండి వెలిగించుట గనికార్మికులకు వరమైనది. ఒక్కొక్క రంధ్రమును సెకనులో కొన్ని వేయవవంతుల ఎడముతో వరుసగా ప్రేల్చుట వలన బొగ్గు చక్కగా విరుగును. భూమి కంపించుట తగ్గును. ఇటీవలి దశాబ్దములలో కేవలము ప్రవాహము తగిలినంతనే ప్రేలు పాతరకము స్థానమున, తనకు నిర్దేశించిన సంకేతము అందినగాని కదలని ఎలక్ట్రానిక్ డిటొనేటర్లు వచ్చినవి. ఆ మార్పునకు కారణము తరువాతి కథలో నున్నది.

తీగకు యజమాని తెలియడు

వత్తికి మనుష్యుడే నిప్పు తేవలెను. తీగకు అట్లు కాదు. అది తనలోనికి వచ్చిన విద్యుత్తు ఆజ్ఞాపించినవానిదా, దారి తప్పి వచ్చినదా అని విచారింపదు. మానవునకు దూరము నిచ్చిన తీగయే ఈ కొత్త అపాయమును వెంట తెచ్చెను.

ఎండిన తలవెండ్రుకలపై దువ్వెన రుద్ది కాగితపుముక్కల నాకర్షించు ప్రయోగమును ప్రతి ఉపాధ్యాయుడు తరగతిలో చూపియుండును. 1964 ఏప్రిల్ 14వ తేదీన అమెరికాలోని కేప్ కెనవరాల్‌లో ఒక ఉపగ్రహమును రాకెట్టు మూడవ అంచెపై నిలిపి పరీక్షించుచుండగా ఆ అంచె అకస్మాత్తుగా అంటుకొన్నది. ముగ్గురు పనివారు మరణించిరి. స్థిరవిద్యుత్తే కారణమని విచారణలో తేలినది. దువ్వెనపై పిల్లలను నవ్వించు శక్తియే అచ్చట ముగ్గురిని బలిగొనెను.

1967 జూలై 29వ తేదీన వియత్నాం సమీప సముద్రమున ఫారెస్టల్ అను అమెరికా విమానవాహక నౌకపై, విమానమునకు విద్యుత్తు అందించు ఏర్పాటు మార్చు సమయమున ఎగసిన ప్రవాహము ఒక రాకెట్టును వెలిగించినది. అది నౌకపైననే మరియొక విమానమును తాకి, మంటలు వ్యాపించి 134 మంది మరణించిరి. రక్షణకై నిర్ణయించిన మెట్లు రెండు, పని త్వరగా సాగవలెనను ఆత్రముచే, ముందుగనే దాటబడియుండెను. 2003 ఆగస్టు 22వ తేదీన బ్రెజిల్ దేశమున అల్కాంతరా ప్రయోగకేంద్రములో, ఎగురుటకు కొలది దినములు ముందుగా, మొదటి అంచెలోని నాలుగు ఘన రాకెట్లలో ఒకటి తలవని తలంపుగా అంటుకొనెను. వేదికపై పనిచేయుచుండిన 21 మంది నిపుణులు ఒక్క క్షణమున ఆహుతియైరి. దేశము ఎన్నో ఏండ్లు కష్టించి పెంచుకొన్న నేర్పరులు వారు.

ఇట్టి కష్టములనుండియే నియమములు పుట్టినవి. జ్వాలకపు తీగల రెండు కొసలను పని వచ్చువరకు మెలివేసి కలిపియుంచుదురు. అప్పుడు బయటి విద్యుత్తు లోని తీగలో ప్రవహింప నవకాశముండదు. రాకెట్టు జ్వాలకమునకును చోదకమునకును నడుమ అడ్డుగా లోహపు కవాటము నిలిపి, చివరి ఘడియలలోనే తొలగింతురు. అంతరిక్ష పరికరములకు అమెరికా వారు విధించిన ప్రమాణము ప్రకారము, ఒక ఆంపియరు ప్రవాహము, ఒక వాటు శక్తి ఐదు నిమిషములు తగిలినను జ్వాలకము అంటుకొనరాదు. పనివారి పాదరక్షలు, వస్త్రములు, మణికట్టు పట్టీలు సైతము స్థిరవిద్యుత్తును నేలకు దింపునట్లు ఏర్పాటు చేయుదురు. ఉరుములు వినవచ్చినచో పని నిలుపుదురు.

ఆరిపోవుట నేర్చిన మందు

శాస్త్రజ్ఞులు ఇంతటితో తృప్తి చెందలేదు. నిప్పు పుట్టించుటకే గాక, నిప్పు నిలుచుటకును విద్యుత్తు కావలసిన పదార్థమును నిర్మింపరాదా యని యోచించిరి. 1964 నవంబరులో రష్యా వారు అంగారకుని వైపు పంపిన జోండ్-2 నౌకలో టెఫ్లాన్ అను ఘనపదార్థమును విద్యుద్విసర్జనతో క్షణక్షణమును ఆవిరి చేసి నెట్టు చిన్న ఇంజనులు అమర్చబడినవి. వంటపాత్రలకు పూయు ఆ పదార్థము తనంత తాను మండదు. విద్యుత్తు కొట్టినపుడు మాత్రమే ఒక పొర కదలిపోవును.

అటు తరువాత హైడ్రాక్సిలమోనియం నైట్రేటు ఆధారముగా విద్యుద్ఘన చోదకములు తయారైనవి. వీనిలో విద్యుత్తు పంపినచో మంట పుట్టును. ఒత్తిడి తక్కువగా నున్నంతవరకు, విద్యుత్తు ఆపినచో మంట ఆరిపోవును. అగ్గిపుల్ల మంటకుగాని, సామాన్యమైన నిప్పురవ్వకుగాని ఇవి చలింపవు. 2014 నవంబరులో అంతర్జాతీయ అంతరిక్షకేంద్రమునుండి విడువబడిన స్పిన్‌శాట్ అను అమెరికా గోళాకార ఉపగ్రహము ఇట్టి చోదకముతోనే తన్ను తాను త్రిప్పుకొను ప్రయోగము చేసినది. నేడు ఇవి చిన్న ఉపగ్రహములకే చాలును. టన్నుల బరువును మోయు శక్తి వీనికి లేదు. ఐనను, అంటుకొన్న మందు మరలదను వందల యేండ్ల భయమునకు ఇవి తొలి సమాధానము.

అట్టి మందు గనులకును, మహారాకెట్లకును అందు దినము వచ్చువరకు భద్రత మనుష్యుని శీలముపైననే ఆధారపడియుండును. గనులలో మందు ప్రేల్చుటకు ప్రత్యేకముగా నియమితుడైన ఉద్యోగి ఉండును. అతనిని షాట్‌ఫైరర్ అందురు. విద్యుత్తు పుట్టించు యంత్రపు పిడిని, లేదా తాళపుచెవిని, అతడు దానినుండి ఊడదీసి తనవద్దనే ఉంచుకొనవలెను; మరియొకరికి ఇయ్యరాదు. తీగ జోడించుటకు మందువద్దకు వెళ్లునపుడు ఆ పిడి అతని జేబులోనే ఉండును. కార్మికులందరు తొలగిరని తన కన్నులతో చూచి, హెచ్చరిక పలికి, అటు తరువాతనే దానిని యంత్రమునకు తగిలించును. వ్రేలెడు ఇనుపముక్క అది. గనిలో దిగినవారందరి ఆయుస్సు ఆ కొంతసేపు అతని జేబులో నుండును.